హైదరాబాద్‌లో మూడు రోజులు: ముందు శుక్రవారం సంగతి తేల్చుకోండి

హైదరాబాద్‌లో మ్యూజియంలు చూసుకుని, పక్కన ఎక్కడికైనా ఒక రోజు వెళ్లొద్దాం అనుకునేవాళ్లు ముందు హోటలో, రైలు టికెట్టో వెతుకుతారు. నేనైతే ముందు క్యాలెండర్ తీయమంటాను. ఎందుకంటే ఊళ్లో చూడదగ్గ పెద్ద మ్యూజియంలన్నీ శుక్రవారమే మూసేస్తారు. సాలార్‌జంగ్ సెలవు, చౌమహల్లా ప్యాలెస్ సెలవు, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం సెలవు, పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం కూడా సెలవే. మనవాళ్లేమో గురువారం రాత్రి బస్సో రైలో ఎక్కి శుక్రవారం తెల్లారేసరికి దిగుతారు, టిఫిన్ చేసి నేరుగా సాలార్‌జంగ్ గేటు దగ్గరికి వెళ్తారు, అక్కడ తాళం చూసి లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కుని వెనక్కి వస్తారు. పైగా శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ చుట్టుపక్కల అడుగు తీసి అడుగు వేయలేం.

అందుకని శుక్రవారం ఊరు దాటేయండి, శని, ఆదివారాలు మ్యూజియంలకు ఉంచుకోండి. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఊరు దాటడం అనగానే చాలామందికి నాగార్జునకొండ గుర్తొస్తుంది, కానీ నాగార్జునసాగర్ జలాశయంలో ఉన్న ఆ దీవి మీది మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, దానికీ శుక్రవారమే సెలవు. 150 కిలోమీటర్లు వెళ్లి డ్యామ్ చూసి రావాల్సి వస్తుంది. శుక్రవారానికి నా ఓటు బీదర్‌కి.

బీదర్ కర్ణాటకలో ఉన్నా మనకు దగ్గరే, సుమారు 140 కిలోమీటర్లు. కారైతే ముంబై హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్లి కుడివైపు తిరగాలి, ట్రాఫిక్‌తో కలిపి మూడు గంటలు వేసుకోండి. బస్సులు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి ఉంటాయి. మహిళలకు ఫ్రీ బస్సు కదా అని ధీమాగా ఎక్కకండి, ఆ పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే, అదీ రాష్ట్రం లోపలే. ఆధార్‌లో విజయవాడ అడ్రసు ఉంటే సిటీ బస్సులో కూడా టికెట్ తీసుకోవాల్సిందే.

పొద్దున ఆరింటికల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే కోటలో ఉంటారు. బహమనీ సుల్తానులు గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నాక పెరిగిన కోట ఇది, ఎంత పెద్దదంటే ఇప్పటికీ లోపల రోడ్డు మీద బండ్లు తిరుగుతుంటాయి. అందరూ బురుజులెక్కి ఫొటోలు దిగి వచ్చేస్తారు గానీ, అసలు చూడాల్సింది రంగీన్ మహల్. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగి చేసిన పని, చెక్కిన కొయ్య స్తంభాలు, రంగు పలకలు, అన్నీ చిన్న చిన్న గదుల్లోనే ఉంటాయి. చాలాసార్లు దానికి తాళం వేసి ఉంటుంది, అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగి చూడండి. కోట నుంచి కాస్త దూరంలోనే మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా. పర్షియా నుంచి వచ్చి బహమనీలకు మంత్రి అయిన మనిషి తన ఊళ్ల తరహాలోనే కట్టించాడు. ముందున్న రెండు మీనార్లలో ఒకటే మిగిలింది, దాని మీద నీలం పలకలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి హోటల్ వెతుక్కోనక్కర్లేదు, గురునానక్ ఝీరా గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, ఉంటుంది, తలకు రుమాలు కట్టుకుని వెళ్లి కూర్చుంటే వేడి రొట్టె, పప్పు వడ్డిస్తారు. సాయంత్రం నీడలు సాగే వేళకి ఊరి బయట అష్టూర్ సమాధుల దగ్గర ఉండండి. పిడుగు పడి సగం కూలిన హుమాయూన్ షా గుమ్మటం లోపలి పొర బయటికి కనిపిస్తుంది, అంత పెద్ద గుమ్మటాన్ని ఎలా నిలబెట్టారో చూసి అర్థం చేసుకోవచ్చు.

నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పని దుకాణాలకు మాత్రం ఒక గంట కేటాయించండి, కొన్నా కొనకపోయినా. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపి పోతపోసిన పాత్ర మీద పనివాడు సన్నటి ఉలితో గాడి చెక్కుతాడు, ఆ గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతాడు. ఆ దశలో చూస్తే పువ్వూ తీగా ఏదీ సరిగ్గా కనపడదు, పాత్రా వెండీ దాదాపు ఒకే రంగు. చివర్లో కోట లోపలి నుంచి తెచ్చిన పాత మట్టిని నవాసాగరంతో కలిపి వేడెక్కిన పాత్రకి పట్టిస్తారు. దాంతో లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పని జరుగుతున్న చోట అడిగితే చాలామంది సంతోషంగానే చూపిస్తారు. కొనేటప్పుడు వెండి తీగతో చేసిందా, వెండి రేకు పరిచి చేసిందా అని అడగండి, ధర తేడా అక్కడే వస్తుంది.

ముందు బీదర్, తర్వాత సాలార్‌జంగ్ అని నేను పట్టుబట్టేది ఇందుకే. సాలార్‌జంగ్‌లో బిద్రీ వస్తువులకు ఒక గది ఉంది, హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు, పన్నీరు బుడ్లు. మామూలుగా జనం దాన్ని దాటుకుంటూ పోతారు. ముందు రోజు ఆ సుత్తి దెబ్బలు చూసి వచ్చినవాళ్లు అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తారు.

శనివారం పొద్దున పదింటికి, తలుపు తీసే వేళకే అక్కడ ఉండండి. ఆదివారం మాత్రం వద్దు, స్కూలు పిల్లల గుంపులు, ఊరంతా అక్కడే. ఈ మ్యూజియంలో ఎక్కువ భాగం ఒకే ఒక్క మనిషి కూడబెట్టింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొద్దికాలం ఏడో నిజాం దగ్గర దివాన్‌గా చేసి మానేశాడు, పెళ్లి చేసుకోలేదు, మిగతా జీవితమంతా వస్తువులు కొనడమే పని. 1949లో ఆయన పోయాక 1951లో ఆయన దేవిడీలోనే, అంటే సొంత భవంతిలోనే, మ్యూజియం తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. ఒక మనిషి ఇష్టం కొద్దీ కొన్నవి కాబట్టి మంచివీ మామూలువీ కలగలిసే ఉంటాయి. అన్ని గదులూ చూసి తీరాలని పంతం పట్టకండి, రెండు గంటలయ్యేసరికి కాళ్లు లాగి, కళ్లకు పింగాణీ పళ్లెం తప్ప ఇంకేమీ ఆనదు.

నేనైతే ఇవి చాలంటాను. ఆయుధాలు, పచ్చరాతి వస్తువుల గదులు, బిద్రీ గది, ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో ముఖం మీద పల్చటి గుడ్డ కప్పినట్టు చెక్కాడు, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ఎదురుగా నిలబడి చూసి వెళ్లిపోకుండా కొంచెం పక్కకి జరగండి, రాయి ఎక్కడ ఆగి గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియదు. కొయ్య విగ్రహం ఇంకోటి, ముందు నుంచి పొగరుగా నిలబడ్డ మగమనిషి, వెనకున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి, ఇద్దరూ ఒకే దుంగలో. ఇక గడియారం సంగతి అందరికీ తెలిసిందే. లోపల కమ్మరివాడి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది, గంట కావస్తుంటే గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు కదా అని జనమంతా అప్పుడే ఎగబడతారు. పదకొండింటికి వెళ్తే ముందు వరసలో కూర్చోవచ్చు, ఒక్క దెబ్బే తక్కువ.

మధ్యాహ్నం పాతబస్తీలోని మదీనా సెంటర్ వైపు వెళ్లి బిర్యానీయో, వెజ్ అయితే ఏదైనా భోజనమో కానిచ్చి, చౌమహల్లా, నిజాం మ్యూజియం రెండింట్లో ఒకటే ఎంచుకోండి, రెండూ ఐదింటి లోపు అవ్వవు. పిల్లలుంటే చౌమహల్లా. విశాలమైన ఆవరణ, దర్బారు హాల్లో బెల్జియం షాండ్లియర్లు, నిజాంల పాత పసుపు రోల్స్ రాయిస్ కారు. పెద్దవాళ్లే అయితే నిజాం మ్యూజియం నాకు ఎక్కువ ఇష్టం, చిన్నది, జనం తక్కువ. ఆరో నిజాం బట్టల బీరువా అక్కడే ఉంది. బీరువా అంటున్నాను గానీ హాలు పొడుగునా సాగిన రెండంతస్తుల టేకు అల్మారాల వరస. ఆయన ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. ఏడో నిజాం సిల్వర్ జూబ్లీకి వచ్చిన కానుకల్లో వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా ఒకటుంది, 2018లో దొంగలు వెంటిలేటర్ లోంచి దిగి ఎత్తుకెళ్లారు, కొద్ది రోజులకే దొరికారు. ఆ డబ్బాలోనే ఒకడు అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు. నిజాం ఏనాడైనా అందులో తిన్నాడో లేదో మరి. అక్కడి నుంచి చార్మినార్ దగ్గరే, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్‌తో రోజు ముగించేయొచ్చు.

ఆదివారం తేలిగ్గా పెట్టుకోండి. స్టేట్ మ్యూజియంకి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దిగి నడిచి వెళ్లొచ్చు. ఈజిప్టు మమ్మీ కోసం పిల్లలు పరిగెత్తుతారు, మీరు కంచు విగ్రహాల దగ్గర కాసేపు ఆగండి. గోల్కొండకి మూడు దాటాక వెళ్తే పైకెక్కేసరికి ఎండ తగ్గుతుంది. ఫతే దర్వాజా దగ్గర, కొండ పైన వినిపిస్తుందని చప్పట్లు కొట్టి చూసేవాళ్లు ఎలాగూ ఉంటారు. చీరల మీద మనసుంటే గోల్కొండ మానేసి పోచంపల్లి పోండి, యాభై కిలోమీటర్ల లోపే, 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు కూడా అదే.

నాలుగో రోజు దొరికితే వరంగల్. సికింద్రాబాద్ నుంచి రైల్లో రెండు గంటల చిల్లర. వేయిస్తంభాల గుడి, కోటలో కాకతీయ తోరణాలు ఒక పూటలో అవుతాయి. 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుడి మాత్రం అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అదీ కలపాలంటే తెల్లవారుజామునే కారులో బయల్దేరాలి. చిన్నపిల్లలుంటే కలపకండి, తిరుగు ప్రయాణంలో వాళ్ల ఏడుపు, మీ టెన్షన్.

బస విషయానికొస్తే లక్డీకాపూల్, నాంపల్లి, ఆబిడ్స్ వైపు చూసుకోండి. హైటెక్ సిటీలో గదులు తళతళలాడుతుంటాయి గానీ పాతబస్తీకి వచ్చి పోవడానికే పూట గడిచిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ నడుస్తుంది, సరదాగా ఉంటుంది కానీ సాయంత్రాలు ఆ రోడ్డు మీద కారు కదలదు, మెట్రోనే నమ్ముకోండి. రంజాన్ నెలలో వస్తే పాతబస్తీలో పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, రాత్రి మాత్రం చార్మినార్ దగ్గర తెల్లవార్లూ హలీం, బజారు.

తిరుగు టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి చాలవన్నట్టు 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా తెరిచారు, ఆంధ్ర వైపు వెళ్లే కొన్ని రైళ్లు ఇప్పుడు అక్కడి నుంచే. అక్కడికి మెట్రో లేదు, ఆదివారం సాయంత్రం గోల్కొండ నుంచి చర్లపల్లి అంటే ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకి, రెండు గంటలు చేతిలో పెట్టుకుని కదలండి.