కొత్తగా కట్టిన ఇంజన్‌లో ఆయిల్ కారుతుంటే: గేర్‌బాక్స్ దించే ముందు జాగ్రత్తలు

బోరింగ్ చేయించి, కొత్త రింగులు, బేరింగులు వేసి కట్టిన ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తే షెడ్డులో మొదట వినబడే మాట ‘వెనక సీల్ (క్రాంక్‌షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ వైపు చివర ఆయిల్‌ను ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి’. చాలాసార్లు అది తొందరపాటు. చుక్క రాలిన చోటే లీకు ఉంటుందన్న నమ్మకం లేదు. పైన చెమ్మగిల్లిన ఆయిల్ బ్లాకు మీదుగా జారి, అన్నిటికన్నా కిందున్న అంచు దగ్గర చుక్క కడుతుంది. పాత కార్బురేటర్ మారుతి 800నే తీసుకోండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌షాఫ్ట్ చివర, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాని ఓ-రింగ్ పాడైతే ఆయిల్ గేర్‌బాక్స్ మీదికే దిగుతుంది. కింద పడుకుని చూస్తే అచ్చం వెనక సీల్ లీకులాగే ఉంటుంది.

బండి కిందికి వెళ్లేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇటుకలు అసలే పెట్టకండి. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద ఆయిల్ పడుతుంటే అంటుకునే ప్రమాదం ఉంది, ఆ బండిని రోడ్డెక్కించకండి.

ముందు ఇంజన్ శుభ్రంగా ఉండాలి. మురికి మీద లీకు వెతికితే ఏదీ తేలదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కిరోసిన్ గానీ డీగ్రీజర్ గానీ బ్రష్‌తో రాసి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పెట్రోలు మాత్రం వాడొద్దు. డిస్ట్రిబ్యూటర్‌కు, ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టండి. టైమింగ్ బెల్టుకు కిరోసిన్ తగలనివ్వకండి. ఆరాక అనుమానమున్న అంచుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లి, పది పదిహేను నిమిషాలు నడిపి ఆపండి. నడుస్తున్నంతసేపూ చేతులు, వదులు బట్టలు బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. తడిసిన చోట పొడి రంగు మారుతుంది. కొత్త ఆయిల్ లేతగా ఉండి కంటికి ఆనదు కాబట్టి ఈ పొడి బాగా పనికొస్తుంది. అయినా దొరక్కపోతే ఆయిల్‌లో యూవీ డై (యూవీ లైటు పడితే మెరిసే రంగు) కలిపి, దాని లైటుతో చీకట్లో చూడండి. తడిసినవాటిలో అన్నిటికన్నా పైనున్న చోటే మొదటి అనుమానం.

కారేది ఇంజన్ ఆయిలేనా అన్నదీ తేల్చుకోండి. గేర్ ఆయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది, వేళ్లకు చిక్కగా తగులుతుంది.

ఇక సీల్ మీద నింద వేసే ముందు బ్రీదర్ పైపు, అంటే ఇంజన్ లోపలి గ్యాసు బయటికి పోయే గొట్టం, ఊడదీసి మూసుకుపోయిందేమో ఊది చూడండి. కొత్త రింగులు ఇంకా సర్దుకోలేదు కాబట్టి మొదట్లో మండిన గ్యాసు కొంత పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగడం మామూలే. అది పోయే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్లలోంచి కూడా ఆయిల్‌ను తోసేస్తుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల కారుతోందంటే ముందు ఇదే చూడాలి. డిప్‌స్టిక్ గుర్తు దాటి ఆయిల్ పోసినా చిక్కే. కంప్రెసర్ ఉంటే బ్రీదర్ మూసి, డిప్‌స్టిక్ గొట్టంలోంచి 2, 3 పీఎస్ఐ గాలి పెట్టి సబ్బునీళ్లు రాయండి, బుడగలు లీకున్న చోటు చెబుతాయి. 5 దాటితే సీళ్లే ఊడొస్తాయి, అందుకని రెగ్యులేటర్ లేకుండా ఈ పని చేయకండి.

తాజాగా కట్టిన ఇంజన్‌లో తప్పులు ఎక్కువగా బిగింపులోనే ఉంటాయి. ఆయిల్ ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు బ్లాకుకే అంటుకుని, దాని మీదే కొత్తది ఎక్కిందేమో చూడండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ మర చుట్ల దగ్గరే కాదు, మధ్యలోంచీ కారుతుంది. వైరు ఊడదీసి లోపల తడి ఉందేమో చూస్తే సరి. ఇంజన్ పైనున్న టాపెట్ కవర్ కారుతోందని నట్లు ఇంకా బిగిస్తే రేకు వంగి మరింత కారుతుంది. ఆయిల్ నిలిచే కింది చాంబర్‌దీ అదే కథ. బోల్టు రంధ్రాల చుట్టూ రేకు గుంతలు పడితే కొత్త ప్యాకింగ్ వేసినా ఆగదు. విప్పి, చెక్క ఆనించి సుత్తితో చదును చేయాలి. ఈ చిన్న 6 ఎంఎం బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, మధ్య నుంచి అంచులకు బిగించుకుంటూ పోవాలి. సిలికాన్ పేస్టు 2, 3 మిల్లీమీటర్ల గీత మించకూడదు. ఎక్కువైతే లోపలికి ఊడిపడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది, అప్పుడు ఆయిల్ అందక పోయేది బేరింగులు. పేస్టు వేసే అంచులకు జిడ్డు ఉండకూడదు. డబ్బా మీద రాసినంతసేపూ, సాధారణంగా 24 గంటలు, ఆరాకే ఆయిల్ పోయండి.

ముందు వైపు క్రాంక్ సీల్, క్యామ్ సీల్ కారితే టైమింగ్ బెల్టు నానుతుంది. నానిన బెల్టును తుడిచి వాడొద్దు, సీల్‌తో పాటు మార్చాలి.

పైన అన్నీ పొడిగా ఉండి, బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు) లోపలి నుంచే ఇంజన్ ఆయిల్ వస్తుంటే అప్పుడు గేర్‌బాక్స్ దించండి. దించాక సీల్ ఒక్కటే మార్చి మూయకండి. సీల్ హౌసింగ్ ప్యాకింగ్, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు (బ్లాకులోని ఆయిల్ దారుల చివర మూతలు), ఫ్లైవీల్ బోల్టుల మరలు కూడా చూడాలి. సీల్ కూర్చునే చోట క్రాంక్ మీద గోరుకు తగిలేంత గాడి ఉంటే, హౌసింగ్‌లో వీలున్నప్పుడు కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టండి, లేదా గాడి మీద పల్చటి లోహపు స్లీవ్ వేయించండి. మామూలు రబ్బరు సీల్ పెదవికి ఆయిల్ రాసి ఎక్కించాలి. టెఫ్లాన్ సీల్ అయితే పొడిగానే ఎక్కించాలి. క్లచ్ ప్లేటు ఆయిల్ పీల్చి ఉంటే అదీ మార్చేయండి, కడిగినా మళ్లీ జారుతుంది.