ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వింటూ బుర్ర పాడవకుండా ఉండాలంటే

మా పిన్ని కూతురు గుంటూరు బ్రాడీపేటలో ఉంటది, ఈ ఏడు నీట్ లాంగ్ టర్మ్ ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్‌లో చేస్తోంది. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అక్కా, పొద్దుట్నుంచీ క్లాసుల ముందే కూర్చుంటున్నా, సాయంత్రానికి ఒక్క ముక్క గుర్తుండట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది, నాకేమన్నా అయిందంటావా" అంది. నాకు 2020 మొత్తం కళ్ళ ముందు తిరిగింది. అప్పుడు నేను బీటెక్ సెకండియర్, మార్చిలో కాలేజీలు మూసేస్తే నెలాఖరు దాకా సెలవులే కదా అని రెండు జతల బట్టలు బ్యాగులో పడేసుకుని హాస్టల్ నుంచి విజయవాడ సింగ్‌నగర్ ఇంటికొచ్చేశా, పుస్తకాలు కూడా తెచ్చుకోలేదు. ఆ తర్వాత సంగతి మీ అందరికీ తెలిసిందే. కరోనా పోయింది గానీ ఆన్‌లైన్ క్లాసులు పోలేదు, అందుకే అప్పుడు నేను చేసిన తప్పులూ, దార్లో పడటానికి పనికొచ్చినవీ దానికి చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నా.

ముందు ఒక మాట. దీన్ని బద్ధకం అనుకుని నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్. కాలేజీ మనకి పాఠం చెప్పేదనుకుంటాం గానీ పాఠంతో పాటు రోజుకి గట్లు కూడా అదే వేసి పెట్టేది. ఏడున్నర బస్సు, బెల్లు, ఇంటర్వెల్లో సమోసా, సార్ చూస్తున్నాడేమో అన్న భయం, సాయంత్రం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫ్రెండుతో వేసిన సోది, ఇవన్నీ గట్లే. గట్టు తెగిన మళ్ళో నీళ్ళు నిలవవు, మనవైపు ఎవర్నడిగినా చెప్తారు. ఆన్‌లైన్‌లో పాఠం వచ్చిద్ది, గట్లు రావు, అవి మనమే వేసుకోవాలి.

పొద్దున గట్టు: క్లాసుకి అరగంట ముందు లేచి స్నానం చేసి బయటికెళ్ళే బట్టలు వేసుకో. నవ్వకు. నేను మూడు నెలలు దుప్పట్లోంచే "ప్రెజెంట్ సర్" చెప్పి మళ్ళీ నిద్రపోయిన మనిషిని, పగలు మంచం మీద క్లాసు, రాత్రి అదే మంచం మీద రెండింటి దాకా కళ్ళు తెరుచుకుని ఫ్యాన్ చూడటం. నిద్ర పట్టట్లేదని వెళ్తే డాక్టర్లు కూడా చెప్పే మాట ఇదే, మంచం పడుకోడానికి మాత్రమే వాడమని. మా ఇల్లు ఒకటిన్నర గది, టేబుల్ లేదు, బియ్యం డ్రమ్ము మీద పీట వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని, అదే నా క్లాసురూము. స్థలం ఎంతన్నది ముఖ్యం కాదు, రోజూ ఒకటే చోటు అయితే చాలు.

సాయంత్రం గట్టు ఇంకా ముఖ్యం, దీన్నే అందరూ వదిలేస్తారు. క్లాసు అయిపోయాక ల్యాప్‌టాప్ మూసి అదే కుర్చీలో ఫోన్ తీశామంటే ఇక క్లాసు అయిపోనట్టే లెక్క, బుర్రకి తేడా తెలీదు. లేచి డాబా ఎక్కు. మన ఊళ్ళో ఎండలు తెలుసుగా, రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా డాబా కాళ్ళు కాలుస్తది, ఆరున్నర తర్వాత వెళ్ళు, లేదంటే పొద్దున ఏడు లోపు. ఇరవై నిమిషాలు నడు, ఫోన్ కిందే వదిలెయ్. లాక్‌డౌన్‌లో మా వీధిలో డాబాల మీదే పరిచయాలయ్యాయి, పక్కింటి మామ్మగారు పిట్టగోడ మీంచి ఆవకాయ గిన్నె అందించేది. ఇరవై నిమిషాలు ఎండా గాలీ తగిలి ఇంకో మనిషి మొహం కనపడితే రాత్రి నిద్రలో తేడా తెలుస్తది.

ఇప్పుడు అసలు గొడవ, పెండింగ్ వీడియోలు. "రికార్డింగ్ ఉందిగా తర్వాత చూద్దాంలే" అన్న ఒక్క మాట మనుషుల్ని తినేసిద్ది. ఆగస్టుకల్లా నా దగ్గర 61 వీడియోలు పేరుకున్నాయి, ఒక్కోటి గంట పైనే, రోజూ ఆ అంకె చూడటం, గుండె దడ, దడ తగ్గడానికి రీల్స్, రీల్స్ అయ్యాక ఇంకా దడ. ఆన్‌లైన్ చదువులో దిగులు సగం ఇక్కడ్నుంచే వస్తదని నా నమ్మకం. దీన్ని ఎలా విప్పాలో చెప్తా. ఒక కాగితం మీద పెండింగ్ అంతా చేత్తో రాయి, స్క్రీన్ మీద కాదు కాగితం మీదే. ఒక్కో చాప్టర్ పక్కన పాత పేపర్లలోంచి ఐదు ప్రశ్నలు తీసుకుని వీడియో చూడకుండానే చేసి చూడు. మూడు వచ్చాయంటే ఆ వీడియో కొట్టెయ్, నీకది అక్కర్లేదు, రానివాటికి నోట్సు చదివితే సరిపోద్ది. ఏమీ రాకపోతేనే వీడియో. నా 61లో చివరికి నిజంగా చూడాల్సినవి 23 తేలాయి, ఆ కాగితం రాసిన రోజు నేను నాలుగు నెలల్లో మొదటిసారి పన్నెండు లోపు నిద్రపోయా. ఆ తర్వాత ఒకటే రూలు, ఇవాళ్టి క్లాసు ఇవాళే, పాతది రోజుకి ఒకటి, అంతకంటే వద్దు. రెండింతల స్పీడులో రోజుకి ఎనిమిది లాగేద్దామని కూర్చుంటే రెండోరోజుకే పడిపోతావు, నేను పడ్డా.

వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటది, పరీక్షలో చెయ్యి కదలదు. క్లాసు అవ్వగానే పది నిమిషాలు నోట్సు మూసేసి గుర్తున్నది తెల్లకాగితం మీద రాయి, రాని చోట గుండ్రంగా చుట్టు, ఆ సున్నాలే నీ డౌట్లు. మళ్ళీ మళ్ళీ చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకుని రాయడం ఎక్కువ నిలుస్తదని సైకాలజీ వాళ్ళు ఎప్పుడో తేల్చారు. పైగా సాయంత్రానికి "ఇవాళ ఏమీ చదవలేదు" అన్న ఏడుపు రాదు, చేతిలో కాగితాలుంటాయిగా.

కెమెరా సంగతి. నాలుగు గంటల జూమ్ క్లాసుకి కాలేజీలో రోజంతా ఉన్నదానికంటే ఎక్కువ నీరసం ఎందుకొస్తదా అని నాకు డౌటుండేది. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనిమీద పేపర్ రాశాడు. మొహాలన్నీ మరీ దగ్గరగా మనల్నే చూస్తున్నట్టుండటం, మన మొహం మనకే అంతసేపు కనపడటం, ఫ్రేము దాటకుండా బిగుసుకుని కూర్చోవడం, సైగలు సరిగ్గా అందక బుర్ర మీద ఎక్కువ భారం పడటం, ఇవీ ఆయన చెప్పిన కారణాలు. కాబట్టి జూమ్‌లో హైడ్ సెల్ఫ్ వ్యూ నొక్కు, నీ మొహం నీకు కనపడదు, వాళ్ళకి కనపడుద్ది, సగం ఇబ్బంది పోద్ది. స్క్రీన్ కాస్త దూరం జరుపు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడు, మాకైతే ఎదురింటి వాటర్ ట్యాంకు. అప్పట్లో ఫ్రీ జూమ్ నలభై నిమిషాలకి టపీమని కట్ అయ్యేది, అందరూ తిట్టుకునేవాళ్ళు గానీ ఇప్పుడనిపిస్తది అదే మాకున్న ఏకైక ఇంటర్వెల్ బెల్లు అని.

ఇంట్లో ఒకటే ఫోన్, ఇద్దరు పిల్లలు అయితే ఆ బాధ వేరే. మా తమ్ముడు నైన్త్, నాకూ వాడికీ పదింటికే క్లాసు, రోజూ యుద్ధం. చివరికి లైవ్ ఎవరిదో వాళ్ళకి, రికార్డింగ్ ఉన్నోళ్ళు రాత్రికి అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. వీడియో క్వాలిటీ తగ్గించుకుంటే డేటా చాలా మిగులుద్ది, బోర్డు మీద అక్షరాలు కనపడితే చాలు కదా. నెట్ లేని ఇళ్ళకి అప్పట్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలొచ్చేవి, మా తమ్ముడు టీవీ ముందు నోట్సు రాసుకుంటుంటే నాన్న కూడా చెంబు పట్టుకుని అలా నిలబడిపోయి వినేవాడు.

ఒంటరిగా అనిపించడం గురించి. గ్రూపులో రోజుకి రెండొందల మెసేజులొస్తాయి, ఒక్కటీ మనకోసం రాసింది ఉండదు. మా ఫ్రెండూ నేనూ రోజూ సాయంత్రం ఏడింటికి కాల్ పెట్టుకుని మ్యూట్‌లో ఉంచి ఎవరి పని వాళ్ళం చేసుకునేవాళ్ళం, గంటకోసారి మ్యూట్ తీసి ఐదు నిమిషాలు సోది. అంతే. అవతల ఒక మనిషి పేజీ తిప్పుతోందని తెలిస్తే చాలు మనమూ తిప్పుతాం. కాల్‌లో "ఎన్ని చాప్టర్లయ్యాయి" అని అడగొద్దు ప్లీజ్, "ఏం కూర ఇవాళ" అని అడుగు.

2021 ఏప్రిల్, మే సంగతి కూడా చెప్పాలి. వాట్సాప్ తెరిస్తే ఆక్సిజన్ కావాలి, బెడ్ కావాలి, లేదంటే ఓం శాంతి. మధ్యలో అసైన్‌మెంట్ లింకు. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్న పోయారు, పదకొండు రోజులకి తిరిగి క్లాసులో జాయిన్ అయితే ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీక అందరం కెమెరాలు ఆపేసుకుని కూర్చున్నాం, ఇప్పటికీ సిగ్గేస్తది. అలాంటప్పుడు పెద్ద మాటలేం అక్కర్లేదు, "నీ నోట్సు నేను రాస్తున్నా, అటెండెన్స్ సంగతి మేడంతో మాట్లాడా, నువ్వు తర్వాత చూసుకో" అంటే చాలు. వార్తలు రోజుకి ఒక్కసారి, అదీ పొద్దున, పడుకునే ముందు మాత్రం వద్దు.

ఇంకో బ్యాచ్ ఉంది, వాళ్ళ మీద నాకు ప్రత్యేకంగా జాలి. 2020లో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు, 2021లో పదీ ఇంటరూ రెండూ రద్దయ్యాయి. పెళ్ళిళ్ళలో బంధువులు "ఓహో నువ్వు కరోనా పాసా" అని నవ్వుతారు, వాళ్ళకది జోకు, ఆ పిల్లకి మూడేళ్ళు గుచ్చుకుంటది. బేస్ నిజంగానే దెబ్బతిన్నదనిపిస్తే, లాగరిథమ్సూ ట్రిగ్నామెట్రీ దగ్గర ఆగిపోతుంటే, సిగ్గుపడకుండా పదో తరగతి పుస్తకం తీసి పదిహేను రోజులు రోజుకి గంట చేసుకో. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి.

ఇవన్నీ చేసినా తేరుకోకపోతే? రెండు వారాలు గుర్తు పెట్టుకో. రెండు వారాల పాటు దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉన్నా, ఇష్టమైనవి కూడా రుచించకపోయినా, వాటితో పాటు నిద్ర, తిండి, ఏకాగ్రత దెబ్బతింటే అది టైంటేబుల్‌తో పోయేది కాదు, డాక్టర్‌కి చూపించుకోవాల్సింది. మగపిల్లల్లో ఇది ఏడుపులా కాకుండా కోపంలా బయటికొస్తది చాలాసార్లు, తలుపు ధడాలున వెయ్యడం, అన్నం కంచం తోసెయ్యడం, వాడికి పొగరెక్కింది అనుకుంటాం. 14416కి ఫోన్ చెయ్యొచ్చు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, టెలీ మానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబర్‌లో పెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటది, తెలుగులో మాట్లాడతారు. మా టైంలో ఇది లేదు. పద్దెనిమిది లోపు పిల్లలకి చైల్డ్‌లైన్ 1098 కూడా ఉంది. పెద్ద ప్రభుత్వాసుపత్రులైన గుంటూరు జీజీహెచ్‌లోనూ విజయవాడ జీజీహెచ్‌లోనూ సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళడమే, అక్కడ కూర్చునేవాళ్ళంతా నీలాంటి నాలాంటి వాళ్ళే. కొన్నిసార్లు థైరాయిడ్, రక్తం తక్కువ లాంటివి ఉన్నాయేమో అని కూడా చూస్తారు.

ఇంట్లో ఎలా చెప్పాలి అన్నది మా చెల్లి అడిగిన ప్రశ్న. "నాకు డిప్రెషన్" అని మొదలుపెడితే పిన్ని "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అంటది, గ్యారంటీ. ఒంట్లో సంగతితో మొదలుపెట్టు: "అమ్మా, పదిహేను రోజుల్నుంచి నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు, చదువు మీద మనసు నిలవట్లేదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళవా." ఈ మాటకి కాదనే తల్లి అరుదు. అమ్మ వినకపోతే బాబాయో అత్తో, నీ మాట తీసిపారెయ్యని ఒక పెద్దమనిషి ఇంట్లో ఎవరో ఒకరుంటారు.

ఎవరైనా ఫ్రెండు "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలంటే జోకు చేసి దాటెయ్యకు. సూటిగా అడుగు, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, చెప్పుకోడానికి దారి దొరుకుద్ది. ఒంటరిగా వదలకు, ఆ ఇంట్లో పెద్దోళ్ళకి అప్పుడే చెప్పు, ఎవరికీ చెప్పనని ఒట్టేసినా సరే చెప్పు, ఆ ఒట్టు తప్పినా పాపం లేదు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే 108.

అమ్మానాన్నలకి రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. క్లాసు మధ్యలో వెనకాల నిలబడి స్క్రీన్‌లోకి తొంగి చూడకండి, మైకు ఆన్‌లో ఉండగా "టిఫిన్ చల్లారిపోతోంది" అని అరవకండి. మా అమ్మ జాకెట్లు కుడతది, ఆ మిషన్ చప్పుడు క్లాసంతా వినపడి నేను ఎంత చిన్నబుచ్చుకున్నానో. తర్వాత అమ్మే నా క్లాసుల టైము చూసుకుని ఆ గంట కత్తిరింపు పని పెట్టుకునేది. మార్కుల మాట వారానికి ఒక్కరోజు, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అనుకోండి, మిగతా ఆరు రోజులు ఎత్తొద్దు. 2020 జులైలో కేంద్రం ప్రజ్ఞాత అని మార్గదర్శకాలిచ్చింది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్ళకి రోజుకి 30-45 నిమిషాల ఆన్‌లైన్ క్లాసులు నాలుగు మించొద్దని, ఎనిమిది లోపు వాళ్ళకి రెండు మించొద్దని. పిల్ల ఎనిమిది గంటలు స్క్రీన్ ముందుంటే బాగా చదువుతోందని మురిసిపోకండి మరి.

మా చెల్లి నిన్న కాగితం రాసిందట, పెండింగ్ 38 తేలాయి, ఐదు ప్రశ్నల లెక్కన ఇప్పటికి తొమ్మిది కొట్టేసింది. పిన్నితో మాట ఇంకా ఎత్తలేదంట, ఆదివారం నేనే గుంటూరు వెళ్తున్నా, ఇద్దరం కలిసి కదుపుతాం.