కింగ్స్ లిన్ రేవును కాలినడకన చూడటం ఎలా

ఇంగ్లండ్ తూర్పు తీరాన, గ్రేట్ ఊజ్ నది వాష్ అఖాతంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న కింగ్స్ లిన్‌కు వెళ్లేవారు అన్నిటికన్నా ముందు పోటు వేళలు చూసుకోవాలి. పోటు మీద నది నిండుగా కనిపిస్తుంది, పాటు వేళకు బురద మేటలు బయటపడతాయి. ఒకప్పుడు ఓడల రాకపోకలు ఈ పోటును బట్టే సాగేవి కనుక, వీలైతే రెండు వేళల్లోనూ రేవును చూడండి.

నడక సాటర్‌డే మార్కెట్ ప్లేస్‌లోని మిన్‌స్టర్ చర్చి దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి పోటు గడియారంలో అంకెలకు బదులు 'లిన్ హై టైడ్' అనే మాటల్లోని పన్నెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆకుపచ్చ డ్రాగన్ నాలుక వాటి మీదుగా తిరుగుతూ పోటు వచ్చే వేళను చూపుతుంది. పడమటి వాకిలి పక్కన రాతిలో చెక్కిన వరద గీతలను కూడా చూడండి. 1953 నాటి ఉప్పెన ఈ పట్టణంలో 15 మందిని బలిగొన్నది. 1978 గీత అంతకన్నా పైన ఉంది.

చర్చికి ఎదురుగా ఉన్న హాన్స్ హౌస్, 1475 ప్రాంతంలో హాన్సా కూటమికి (ఉత్తర ఐరోపా వర్తక నగరాల సంఘం) చెందిన జర్మన్ వర్తకులు కట్టుకున్న కోఠీ. ఆ కూటమి కట్టడాల్లో ఇంగ్లండ్‌లో నిలిచి ఉన్నది ఇదొక్కటే. ఉన్ని, ధాన్యం, ఉప్పు ఈ రేవు నుంచి ఎగుమతి కాగా కలప, తారు, ఎండుచేపలు, ద్రాక్షసారా దిగుమతి అయ్యేవి.

తర్వాత నెల్సన్ స్ట్రీట్‌లో పాతకాలపు వర్తకుల ఇళ్లు, గిడ్డంగి కలిసిన హాంప్టన్ కోర్టు దగ్గర తీరికగా ఆగాలి. ఈ ఊరి కథ తెలియడానికి, నా దృష్టిలో, ఇంతకన్నా మంచి చోటు లేదు. దాని పడమటి వైపు గిడ్డంగి కమానులు ఒకప్పుడు నేరుగా నీటి మీదికి తెరుచుకునేవి. నది ఒండ్రు వేయడం, జనం పూడుస్తూ ముందుకు జరగడం వల్ల గట్టు క్రమంగా పడమటికి పోయింది. ఆ కమానుల దగ్గర నుంచి ఇప్పటి నది గట్టు సౌత్ క్వే అంచు దాకా అడుగులు లెక్కపెడుతూ నడవండి. ఆ నేలంతా ఒకప్పుడు నదిదే.

క్వీన్ స్ట్రీట్‌లో క్లిఫ్టన్ హౌస్ అయిదంతస్తుల బురుజును తలెత్తి చూసి ముందుకు సాగితే పర్‌ఫ్లీట్ పాయ ఒడ్డున, 1683లో హెన్రీ బెల్ రూపకల్పనతో వర్తకుల కూడలిగా కట్టిన కస్టమ్ హౌస్ వస్తుంది. దాని ముందున్న విగ్రహం 1757లో ఇక్కడే పుట్టిన నావికుడు జార్జ్ వాంకూవర్‌ది. ఆయన తండ్రి ఈ రేవు సుంకాల శాఖలోనే ఉద్యోగి. పాటు వేళకు వస్తే పర్‌ఫ్లీట్ అడుగున బురద తేలి ఉంటుంది, పోటు వేళకు అదే చోట కస్టమ్ హౌస్ నీడ నీళ్లలో కనిపిస్తుంది.