పాత కారులో ఏ పార్టు ఇప్పుడే మార్చాలి, ఏది ఆగుతుంది

సెకండ్ హ్యాండ్ కారు కొని మొదటిసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పెద్ద లిస్టే చేతికొస్తుంది. డబ్బు తక్కువయ్యేవి ముందు చేయించుకుని పెద్ద ఖర్చులు వాయిదా వేయాలనిపిస్తుంది కానీ, అలా చేయకండి. లిస్టులో ఒక్కో పార్టు దగ్గరా ఆగి, ఇది నడి రోడ్డు మీద పోతే ఏమవుతుందో ఆలోచించండి. ప్రాణం మీదికొచ్చేవి, ఇంకో ఖరీదైన పార్టును కూడా పాడుచేసేవి ముందు. చప్పుడు చేసి విసిగించేవి తర్వాత.

అన్నిటికన్నా నాకు భయం టైమింగ్ బెల్టంటే, ఇంజన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు పట్టీ అది. అది అరుగుతున్నట్టు ముందుగా చెప్పదు, బాగానే నడుస్తూ నడుస్తూ ఒకరోజు తెగిపోతుంది, తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టి వంచేస్తాయి, ఇక ఇంజన్ విప్పాల్సిందే. కంపెనీ మాన్యువల్‌లో దీనికి కిలోమీటర్లూ ఉంటాయి, ఏళ్లూ ఉంటాయి, ఏది ముందు వస్తే అది లెక్క. తక్కువ తిరిగిన కారు అని ఇక్కడ మోసపోవద్దు, రబ్బరుకు వయసు కూడా ముఖ్యమే. పాత ఓనరు మార్పించినట్టు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని మార్పించేయండి. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే ఇంజనైతే అదీ అప్పుడే వేయించండి, లేకపోతే అదే కూలీ రెండోసారి ఇస్తారు. బెల్టు బదులు చైన్ ఉంటే ఈ టెన్షన్ తక్కువే, అయినా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటే చూపించాలి.

టైరు గాళ్లలో అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మి.మీ. టైరు అరిగి వాటితో సమానమైతే ఇంక దాని పని అయిపోయినట్టే. నేనైతే 3 మి.మీ. దగ్గరే మార్చేస్తాను, ఎందుకంటే వానలో నీళ్లను పక్కకు తోసేసి టైరును రోడ్డుకు పట్టి ఉంచేవి ఆ గాళ్లే. గాళ్లు లోతుగా ఉన్నా టైరు వయసు తెలియడానికి పక్క గోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చదవండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. పగుళ్లు కనిపిస్తే ఎంత లోతున్నా వద్దు. ఒక అంచే అరిగి ఉంటే కొత్త టైరుతో పాటు వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి, లేదంటే కొత్తదీ అలాగే అరిగిపోతుంది.

బ్రేక్ ప్యాడ్ కొత్తప్పుడు దాదాపు 10 మి.మీ. మందం ఉంటుంది. 3 మి.మీ. కి వచ్చిందంటే మార్చాలి, ఇనుము బయటపడేదాకా ఆగితే డిస్కు కూడా పోతుంది. డిస్కు కనీస మందం సాధారణంగా దాని మీదే అచ్చేసి ఉంటుంది, కొలిచి చూపించమనండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్పించండి.

చక్రం దగ్గర డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) మీదుండే రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతుంటే వెంటనే బూటు వేయించండి. ఆలస్యం చేస్తే మట్టి లోపలికి వెళ్లి జాయింటే పోతుంది, మలుపు తిప్పేటప్పుడు టకటకమనడం మొదలైందంటే బూటుతో సరిపోదు.

క్లచ్ విషయంలో తొందరపడక్కర్లేదు. పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే జారుతోందని అర్థం, అప్పుడు మార్చండి. బ్యాటరీని రాత్రంతా ఆపి ఉంచి పొద్దున కొలిస్తే 12.6 వోల్టులు రావాలి. తక్కువ వస్తే ముందు ఫుల్ ఛార్జ్ చేసి మళ్లీ చూడండి, ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దగ్గర్లో లేకపోతే తప్పు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది కావచ్చు, అది చూడకపోతే ఊరికే కొత్త బ్యాటరీ కొనేస్తారు.

షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతుంటే ఒకటి కాదు, ఆ ఇరుసుకు రెండూ మార్చాలి. సస్పెన్షన్ బుష్ (జాయింట్ల మధ్య ఉండే రబ్బరు ముక్క) కాస్త కిర్రుమంటోంది గానీ స్టీరింగ్ ఒక పక్కకు లాగడం లేదు, లోపల ఏదీ వదులుగా లేదంటే, ఈ రోజు మీటరు రీడింగ్ రాసిపెట్టుకుని వచ్చే సర్వీసులో మళ్లీ చూపించండి.