కనుబొమల మీద గరుకు పొక్కులు: రుద్దకుండా తగ్గించుకునే పద్ధతి

కనుబొమల బయటి కొసన, కణత వైపు, వేలితో తడిమితే బొంబాయి రవ్వ అద్దినట్లు గరుకుగా తగిలే సన్నని పొక్కులను చాలామంది మొటిమలుగానో చుండ్రుగానో భావిస్తారు. భుజాల కింద చేతుల వెనుక వైపునా, తొడల మీదా అదే గరుకుదనం ఉంటే అది కెరటోసిస్ పిలారిస్ అయ్యే అవకాశం ఎక్కువ. చర్మం పై పొరలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్ రోమకూపం నోటి దగ్గర అతిగా పేరుకుని గట్టిపడటంతో లోపలి వెంట్రుక బయటికి రాలేక చుట్టుకుపోతుంది, దాని చుట్టూ చర్మం ఎర్రబడుతుంది. ఇది మురికి వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కూడా కాదు. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది.

క్రీము కొనడానికి ముందు, అది నిజంగా ఇదేనా అని చూసుకోవాలి. జిడ్డుగా, పసుపు రంగులో పొట్టు రాలుతూ, ముక్కు పక్కలా తలలోనూ దురద ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు, దాని మందు వేరు. పార్లర్‌లో త్రెడింగ్ చేయించుకున్న కొద్ది రోజులకే చీము పొక్కులు లేస్తే అది రోమకూపాల ఇన్‌ఫెక్షన్ అని అనుమానించాలి. కనుబొమ బయటి భాగం పొక్కులు లేకుండానే పలచబడుతుంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఒంటి మీద ఎక్కడైనా ఉండి కనుబొమలు రాలుతుంటే, కుష్ఠు కాదని తేల్చుకోవడానికి గుంటూరు లేదా విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి వెంటనే వెళ్లాలి. ఆ జబ్బుకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది.

ఇక చేయకూడని పని రుద్దడం. సున్నిపిండితో నలుగు పెట్టడం పండగపూట ఒంటికి బాగానే ఉంటుంది గానీ, కనుబొమల మీద మాత్రం అది ఎరుపును పెంచడం తప్ప పూడిన రోమకూపాన్ని తెరవదు. గోటితో గిల్లడం, ప్లక్కర్‌తో లాగడం, గరుకు స్క్రబ్బులు వాడటం మానేసి, చర్మం నెమ్మదించే వరకు త్రెడింగ్‌ను కూడా ఆపాలి.

రాత్రి పడుకోబోయే ముందు ముఖాన్ని ఘాటు లేని, సువాసన లేని ఫేస్‌వాష్‌తో కడుక్కోవాలి. విజయవాడలో మే నెలలో డాబా మీది ట్యాంకు నీరే చేతికి చురుక్కుమంటుంది కనుక, ఆ నీళ్లు కాక ముందుగా బకెట్‌లో పట్టి చల్లార్చినవి వాడటం మేలు. మెత్తని తువ్వాలుతో అద్ది తడి ఆర్చి, పై రెప్ప మీద, కంటి మూలల్లో పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే, తర్వాత రాసే మందు కంట్లోకి జారకుండా అది అడ్డుకుంటుంది. ఆపైన 10 శాతం యూరియా ఉన్న క్రీమును రెండు కనుబొమలకూ కలిపి పెసరగింజంత తీసుకుని, వెంట్రుకలు పెరిగే దిశలోనే వేలికొసతో అద్దాలి. మొదట రెండు మూడు రాత్రులు చెవి వెనుక రాసి చూసుకుని, మంట లేకపోతేనే కనుబొమలకు రాత్రి విడిచి రాత్రి మొదలుపెట్టాలి. పగిలిన చర్మం మీద యూరియా మండుతుంది కనుక అది మానేదాకా ఆగాలి. దీని బదులు లాక్టిక్ ఆమ్లమో, 2 శాతం సాలిసిలిక్ ఆమ్లమో ఉన్న క్రీము వాడవచ్చు గానీ, అన్నింటినీ ఒకేసారి పూయడం తొందరపాటే. ఇవి పనిచేయకపోతే డాక్టర్ అడాపలీన్ అనే విటమిన్ ఎ తరహా పూతమందు రాసి ఇవ్వవచ్చు. గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. మందు కంట్లో పడితే శుభ్రమైన నీటితో ధారగా చాలాసేపు కడిగి, మంట తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించాలి.

గుంటూరు వైపు ఒక జాగ్రత్త అదనం. మిర్చి యార్డులో పనిచేసి వచ్చినవారు, ఇంట్లో కారం దంపినవారు చేతులకు ముందు వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగితే తప్ప కారం పూర్తిగా వదలదు. అలా కడగని చేత్తో కనుబొమ తాకితే మంట పుడుతుంది, నింద మాత్రం క్రీము మీద పడుతుంది.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే మిశ్రమ క్రీముల్లో తరచుగా క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి గట్టి స్టెరాయిడ్లు ఉంటాయి. నాలుగు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది కాబట్టి అవే మంచి మందులనిపిస్తాయి, కానీ వాటిని ఎక్కువ కాలం వాడితే చర్మం పలచబడటంతోపాటు కంటి దగ్గర కావడం వల్ల నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. వాపు ఎక్కువగా ఉంటే తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌ను కొద్ది రోజులకు మాత్రమే రాయడం డాక్టర్ నిర్ణయించాల్సిన పని.

పసితనంలోనే కనుబొమల కొసలు ఎర్రబడి, గుంటలు పడుతూ, వెంట్రుకలు పోతుంటే అది మచ్చలు మిగిల్చే రకం. దాన్ని యూలెరిథీమా ఓఫ్రియోజెనీస్ అంటారు. మచ్చకట్టిన చోట వెంట్రుక తిరిగి రాదు కాబట్టి ఇందులో ఆలస్యం పనికిరాదు. కొందరు పిల్లల్లో ఇది గుండె లోపాలతో కూడిన నూనాన్ సిండ్రోమ్ అనే జన్యు సమస్యలో భాగంగా రావచ్చు గనుక, ఎదుగుదల తక్కువగా ఉన్న బిడ్డను పిల్లల డాక్టర్‌కూ చూపించాలి. పిల్లలకు ఆమ్లాల క్రీములు సొంతంగా వాడకుండా మామూలు మాయిశ్చరైజర్‌తోనే సరిపెట్టాలి. మొండిగా నిలిచిన ఎరుపుకు పల్స్‌డ్ డై లేజర్ అనే చికిత్స ఉంది, అయితే అది గరుకుదనాన్ని పెద్దగా తగ్గించదు.

తేడా కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, ఆపితే గరుకు మళ్లీ తిరిగొస్తుంది. అందుకే తగ్గాక కూడా వారానికి రెండు మూడు రాత్రులు కొనసాగించాలి. చర్మం పొడిబారే డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం కూడా ఒకసారి మాయిశ్చరైజర్ రాసి, ఎండలోకి వెళ్లేటప్పుడు చెమటకు కంట్లో మండని జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ వాడాలి.