స్టీమ్‌పంక్ సీక్వెల్‌లో చచ్చినవాళ్ళని లేపడం ఎలా?

టీనేజ్ పిల్లల కోసం స్టీమ్‌పంక్ ఫాంటసీ, అంటే విక్టోరియా రాణి కాలం లాంటి లోకంలో అన్నీ ఆవిరి యంత్రాలతో నడిచే కథలు, రాసేవాళ్ళు మొదటి భాగం ఎలాగోలా బాగానే లాక్కొస్తారు. రెండో భాగం మొదలయ్యేసరికి ఎక్కడి నుంచో ఓ మంత్రగాడు దిగుతాడు, శవాలు లేస్తాయి, నాలుగు అధ్యాయాలు తిరిగేలోపు ముందు పోయినవాళ్ళంతా వచ్చి కూర్చుని కబుర్లు చెబుతుంటారు. ఇలాంటివి చదివి చదివి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి: రూళ్ళ నోట్‌బుక్, పెన్సిల్, మీ మొదటి భాగం. కంప్యూటర్లో పాత్రల చార్టులు గీసుకునేవాళ్ళున్నారు, అది మాత్రం వద్దు. చార్టు నిండగానే కథ రాసేశామన్న తృప్తి వచ్చేస్తుంది, తర్వాత కలం కదలదు. మొదటి భాగంలో ఎవరెవరు పోయారో, ఎవరి శవం ఎక్కడుందో రాసుకోండి. కాలి బూడిదైనవాళ్ళ పేర్లు కొట్టేయండి. హీరోయిన్ వయసు ఒక ఏడాది పెంచండి. అంతే.

తర్వాత ఊరు. లండన్ తీసుకోండి, కల్పించాల్సిన పని సగం తగ్గుతుంది. విక్టోరియా రాణి ఇంకా పుట్టకముందే, 1803లో, అక్కడి న్యూగేట్ జైల్లో ఉరితీసిన జార్జ్ ఫోర్‌స్టర్ అనే ఖైదీ శవానికి జొవాన్ని ఆల్డీని అనే ఇటలీ శాస్త్రవేత్త జనం ముందే కరెంటు పెడితే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది, పిడికిలి బిగిసి చెయ్యి పైకి లేచింది. 1832 అనాటమీ చట్టంతో, వర్క్‌హౌసుల్లో, అంటే పేదలకి తిండి పెట్టి పని చేయించుకునే ఆశ్రమాల్లో, దిక్కులేకుండా పోయిన పేదల శవాలు కోతకోసం వైద్య విద్యాలయాలకి చేరాయి. 1854 నుంచి లండన్ వాటర్లూ స్టేషన్ దగ్గర బయల్దేరి బ్రుక్‌వుడ్ శ్మశానానికి వెళ్ళే శవాల రైలే ఉండేది. శవపేటికలకి కూడా తరగతులుండేవి, శవానికి వన్‌వే టికెట్టు, చుట్టాలకి రానుపోను. ఇన్ని ఉండగా విలన్‌కి పుర్రెల కోట ఎందుకండీ? పేదవాడి శవాన్ని లేపి, జీతం ఇవ్వకుండా బాయిలర్‌లో బొగ్గు వేయించుకునే మిల్లు యజమాని చాలు.

ఆవిరి గురించి ఒక్క మాట. టోపీకి పళ్ళచక్రాలు అతికిస్తే స్టీమ్‌పంక్ అయిపోదు. చల్లారిన బాయిలర్ మళ్ళీ ఆవిరి పట్టడానికి గంటలు కావాలి, లోపల నీళ్ళు మరీ తగ్గితే పేలిపోతుంది. హీరోయిన్ పరిగెత్తుకొచ్చి ఎక్కగానే ఇంజన్ కదిలిందంటే నేను పుస్తకం మూసేస్తాను.

ఇక అసలు చోటు. మొదటి భాగం చివర అందర్నీ ఏడిపించి చంపారే, హీరోయిన్ అన్నయ్య అనుకుందాం, అతన్ని లేపే సీను. ఇక్కడ తొందరపడొద్దు. లేపినందుకు ఆమె ఏం పోగొట్టుకుంటుందో ముందు నోట్‌బుక్‌లో ఒకే వాక్యంగా రాయండి. అందులో ‘కానీ’ అని వచ్చిందా, కొట్టేసి మళ్ళీ రాయండి. విక్రమార్కుడు నోరు విప్పితే బేతాళుడు శవంతో సహా చెట్టెక్కుతాడు, రూలు అంతే, దాని మీదే అన్ని కథలు నడిచాయి. నీరసం రావడం, ముక్కులోంచి రక్తం కారడం లాంటివి ఖరీదు కిందకి రావు, రెండ్రోజులు పడుకుంటే తగ్గిపోతాయి. పోయింది మళ్ళీ రాకూడదు, పైగా అది లేకపోతే ఆమెకి రోజు గడవకూడదు. ఆమె మెకానిక్, నట్టు బిగిసిందో లేదో వేలి కొసతో తెలుసుకునే పిల్ల అనుకోండి. ఒక్కో ప్రాణానికి ఒక్కో వేలి స్పర్శ పోవాలి.

ఈ ఖరీదు కూడా ముందు ఆమె ఓ చచ్చిన ఎలుకని లేపే సీనులో చూపించండి. అన్నయ్య దగ్గరే మొదటిసారి చెబితే, అప్పటికప్పుడు కల్పించారని పాఠకుడు పట్టేస్తాడు. ముసలి ప్రొఫెసరుని కూర్చోబెట్టి మంత్రం చరిత్ర చెప్పించొద్దు. అన్నయ్య లేచాడు, మాట్లాడుతున్నాడు, ఆవిరి గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, చర్మం తెల్లబడి పొక్కుతోంది, అతను ఇంకా వాతావరణం గురించే మాట్లాడుతున్నాడు. ఆమె ఆ చెయ్యి లాగేసింది, అప్పుడు చూసుకుంది, తన మధ్యవేలు కూడా ఆ గొట్టం మీదే ఉంది. ఇంతకు మించి ఒక్క ముక్క వివరించినా సీను చెడినట్టే.

చివర్లో జాలిపడి అతను పూర్తిగా బతికాడని రాశారో, మొదటి భాగంలో ఏడ్చినవాళ్ళు మిమ్మల్ని క్షమించరు. ఆ తర్వాత మీరు ఎవర్ని చంపినా వాళ్ళకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, తిరిగొస్తాడులే అనుకుంటారు. శవాల సైన్యమే కావాలని పట్టుబట్టేవాళ్ళకి నేను చెప్పేదొకటే: పేరూ ముఖమూ ఉన్న శవాలు ఇద్దరే లేవాలి, మూడోవాడు లేచాడా, టెన్షన్ పోయింది.

మిగతా పోరాటం, పేలుళ్ళు, విలన్ చావు సులువే, మీరే రాసుకోగలరు. అయ్యాక మొదటి భాగం చదవని పదిహేనేళ్ళ పిల్ల ఎవరికైనా ఇవ్వండి. అన్నయ్యని లేపడానికి హీరోయిన్ చెయ్యి చాచిన చోట చదవడం ఆపించి, ఇప్పుడు ఈమెకి ఏం పోతుందో చెప్పమనండి. తడుముకుంటే ఎలుక సీను దగ్గర్నుంచి తిరగరాయండి.