కళాశాలలో హింస నివారణ శిక్షణ: ఎవరికి తప్పనిసరి చేయాలి, ఎలా నడపాలి

విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు జరిగే స్టాఫ్ కౌన్సిల్ సమావేశంలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న లేవనెత్తుతారు: లైంగిక వేధింపులు, ర్యాగింగ్, వెంటపడి బెదిరించడం వంటి హింసను నివారించే శిక్షణకు విద్యార్థులందరూ హాజరు కావాలని నిబంధన పెట్టడం అవసరమా, ఇష్టమున్నవారు వస్తే చాలదా? చర్చ సాగేకొద్దీ సిలబస్‌కే గంటలు చాలవన్న లెక్క పైకి వస్తుంది. చివరికి ఒక పోలీసు అధికారిని ముఖ్య అతిథిగా పిలిచి, ఆడిటోరియంలో ఒక పూట సభ జరిపి, ఆ ఫొటోలను, కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థకు చూపే ఫైలులో చేర్చడంతో ఆ ఏటికి విషయం ముగుస్తుంది. ప్రిన్సిపాళ్లు, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యులు, మహిళా సాధికారత విభాగాల సమన్వయకర్తలు ఈసారి ఆ పని మరో విధంగా చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. శిక్షణ తప్పనిసరిగా ఉండవలసిందేనన్నది నా అభిప్రాయం. అయితే ముందుగా ఎవరికి తప్పనిసరి చేయాలన్నది తేల్చుకోకుండా మొదలుపెడితే హాజరు పట్టిక తప్ప మరేమీ మిగలదు.

చట్టం ఇప్పటికే చెప్పినది

శిక్షణ పెట్టాలా వద్దా అన్నది కళాశాల ఇష్టానికి వదిలిన విషయం కాదని సమావేశంలో మొదటే స్పష్టం చేయండి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, అవగాహన కార్యక్రమాలను క్రమం తప్పకుండా నిర్వహించే బాధ్యతను యాజమాన్యంపై ఉంచింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015లో తెచ్చిన నిబంధనలు ఆ బాధ్యతను ఉన్నత విద్యాసంస్థలకు విడిగా వర్తింపజేసి, అధికారులకు, సిబ్బందికి, అధ్యాపకులకు, విద్యార్థులకు శిక్షణ ఇవ్వాలని చెప్పాయి. ప్రధానంగా మహిళలే బాధితులవుతున్నా, కొందరు మగ విద్యార్థులు, థర్డ్ జెండర్ విద్యార్థులు కూడా వేధింపులకు గురవుతారని అవే నిబంధనలు గుర్తించాయి. ర్యాగింగ్ విషయంలో 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం, 2009 నాటి యూజీసీ నిబంధనలు ఉన్నాయి. శిక్షణ ఏర్పాటు చేయడం కళాశాలకు తప్పనిసరి అన్నంతవరకు సందేహం లేదు. ప్రతి విద్యార్థీ దానికి హాజరు కావాలా అన్నదే మీరు తేల్చవలసిన సంగతి.

హాజరు ఐచ్ఛికంగా ఉంచితే ఎవరు వస్తారో ఊహించడం కష్టం కాదు. ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు వస్తారు, ఈ విషయంపై ముందే ఆసక్తి ఉన్నవారు వస్తారు, అధ్యాపకురాలు మొహమాటపెడితే కాదనలేని అమ్మాయిలు వస్తారు. మెస్‌లో జూనియర్‌ను నిలబెట్టి ‘ఇంట్రో’ చెప్పించే సీనియర్ రాడు. తనకు జరుగుతున్నది వేధింపని, దానిపై ఫిర్యాదు చేయవచ్చని ఇంకా తెలియని మొదటి సంవత్సరం విద్యార్థిని కూడా రాదు. ఎవరికి ఈ సమాచారం అత్యవసరమో వారే దూరంగా ఉండిపోతారు కాబట్టే అందరికీ ఒకే నిబంధన ఉండాలి. అందరికీ ఒకటే కావడం వల్ల మరో మేలు ఉంది: ఆ గదిలో కూర్చున్నంత మాత్రాన ఒకరిని బాధితురాలిగానో మరొకరిని నిందితుడిగానో ఎవరూ వేలెత్తి చూపలేరు.

శిక్షణ పనిచేస్తుందా?

శిక్షణను వ్యతిరేకించే సహోద్యోగి ఇది అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిశోధకులు 2014లో 140 అధ్యయనాలను సమీక్షించి, ఒకే విడతలో ముగిసే చిన్న కార్యక్రమాలు ప్రవర్తనలో నిలకడైన మార్పు తెచ్చినట్లు ఆధారం లేదని తేల్చారు. చూస్తున్నవారు జోక్యం చేసుకునేలా తీర్చిదిద్దే శిక్షణలపై పరిశోధనలను క్రోడీకరించే క్యాంప్‌బెల్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం, వాటివల్ల జోక్యం చేసుకునేవారు పెరిగారు కానీ హింసకు పాల్పడటం తగ్గినట్లు కనబడలేదు. మరోవైపు కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం విద్యార్థినులకు మూడేసి గంటల చొప్పున నాలుగు విడతలుగా శిక్షణ ఇచ్చి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందిన బృందంలో 5.2 శాతం కాగా, కరపత్రాలతో సరిపెట్టిన బృందంలో 9.8 శాతం. ప్రమాదాన్ని పసిగట్టి ఎదిరించడం నేర్పే ఆ కార్యక్రమం భారమంతా అమ్మాయిలపైనే వేస్తుందన్న అభ్యంతరం సబబే. అయినా పన్నెండు గంటల చిన్న బృందపు శిక్షణకూ, ఆడిటోరియం ఉపన్యాసానికీ మధ్య ఉన్న దూరం ఈ అంకెల్లో తెలుస్తుంది. కాబట్టి సహోద్యోగికి ఇవ్వదగిన నిజాయితీ గల సమాధానం ఇది: ఒక పూట సభను తప్పనిసరి చేయడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు, గంటలు కేటాయించగలిగితేనే తప్పనిసరి చేయాలి.

ముందుగా పెద్దలకు

ఫిర్యాదు ఎలా చేయాలో విద్యార్థులకు నేర్పి, దాన్ని అందుకోవలసినవారికి ఏమీ నేర్పకపోతే, ధైర్యం చేసి వచ్చిన మొదటి విద్యార్థికే అన్యాయం జరుగుతుంది. ఆ విద్యార్థికి ఎదురైన అనుభవం వారంలో హాస్టల్ అంతా పాకుతుంది, ఆ తరువాత ఎన్ని సదస్సులు పెట్టినా ఎవరూ నోరు విప్పరు. అందుచేత శిక్షణ క్రమం ప్రిన్సిపాల్‌తో మొదలై, విభాగాధిపతులు, వార్డెన్లు, ల్యాబ్ సిబ్బంది, వాచ్‌మెన్లు, కళాశాల బస్సు డ్రైవర్ల వరకు సాగిన తరువాతే విద్యార్థుల వంతు రావాలి.

అంతర్గత ఫిర్యాదుల కమిటీ నిర్మాణాన్ని ఈ దశలోనే సరిచూసుకోండి. అధ్యక్షత సీనియర్ మహిళా అధ్యాపకురాలిది. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. బయటి నుంచి ఒక సభ్యుడు లేదా సభ్యురాలు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి. రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పాలనా పదవుల్లో ఉన్నవారు సభ్యులుగా ఉండరాదని 2015 నిబంధనలు చెబుతున్నాయి. నోటీసు బోర్డుపై పేర్లు చూసి ఇది పాటించారో లేదో ఏ విద్యార్థి అయినా చెప్పగలిగేలా ఉండాలి.

సభ్యులకు మూడు విషయాలు బాగా నాటుకోవాలి. మొదటిది గడువులు: ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు స్వీకరించాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు, విచారణ 90 రోజుల్లో ముగించాలి. రెండవది రాజీ: ఫిర్యాదుదారు తానుగా కోరితే తప్ప ఆ మాట కమిటీ ఎత్తరాదు, డబ్బుతో సర్దుబాటు చట్టం ఒప్పుకోదు. ‘మంచి కుర్రాడమ్మా, జీవితం పాడవుతుంది’ అని విచారణకు ముందే నచ్చజెప్పే పెద్దమనిషి ప్రతి కళాశాలలోనూ ఉంటాడు. ఆయనను కమిటీకి దూరంగా ఉంచడం కూడా శిక్షణలో భాగమే. మూడవది వయసు. ఇంజనీరింగ్, డిగ్రీ మొదటి సంవత్సరంలో, పాలిటెక్నిక్‌లలో పద్దెనిమిది నిండనివారు చాలామంది ఉంటారు. వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయవలసిందే. దాచిపెట్టడం నేరం, తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి శిక్ష మరింత ఎక్కువ. కళాశాల పరువు పేరుతో కమిటీ గదిలోనే ముగించే అధికారం ఎవరికీ లేదు.

మార్కుల సంగతి కూడా సిబ్బందికి విడమరిచి చెప్పాలి. ప్రాజెక్ట్ గైడ్ మీదో, ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకుడి మీదో ఫిర్యాదు వస్తే, విచారణ ముగిసేదాకా ఆ విద్యార్థిని పనిని ఆయన మూల్యాంకనం చేయకుండా ఆపే వీలు 2015 నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు చేయడానికి జంకే విద్యార్థినుల భయం ఎక్కువగా మార్కుల గురించే కాబట్టి, ఈ ఒక్క నిబంధన తెలియడం వారికి ఎంతో ధైర్యమిస్తుంది.

విద్యార్థులకు ఎప్పుడు, ఎలా

సీనియర్లతో మొదలుపెట్టండి. ఫ్రెషర్స్ హాస్టల్‌లో దిగేలోపు రెండవ, మూడవ సంవత్సరాల వారికి ర్యాగింగ్‌పై గంటన్నర తరగతి పూర్తికావాలి. ఎగతాళి చేసి అవమానించినందుకే ఆరు నెలల వరకు జైలు, ర్యాగింగ్ కారణంగా మరణమో ఆత్మహత్యో జరిగితే పదేళ్ల వరకు జైలు 1997 చట్టంలో ఉన్నాయని, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థ అధిపతిని కూడా ఆ చట్టం ప్రేరేపించినవాడిగానే చూస్తుందని వారికి తెలియాలి. కులం, ప్రాంతం, భాష, రూపం, ఆర్థిక స్థితి ఆధారంగా చేసే వేధింపును యూజీసీ నిబంధనలకు 2016లో వచ్చిన సవరణ ర్యాగింగ్ నిర్వచనంలో చేర్చింది. యాస మీద, ర్యాంకు మీద, రిజర్వేషన్ మీద వేసే ‘జోకులు’ మన హాస్టళ్లలో మామూలే కనుక ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

ఫ్రెషర్స్‌కు ఇండక్షన్ రోజుల్లో ఒక గంట చాలు. అప్పటికి వారికి గదులు, దారులే తెలియవు. ఎవరికి చెప్పాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నంతవరకే చెప్పండి: ర్యాగింగ్‌కు 1800-180-5522, మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, సైబర్ మోసాలకు, నేరాలకు 1930. అసలు తరగతులు నెలా నెలన్నర తరువాత, పరిచయాలు ఏర్పడి చిక్కులు మొదలయ్యే వేళకు పెట్టాలి. ఒక్కొక్కటి రెండు గంటల చొప్పున కనీసం నాలుగు విడతలు, ఒక్కో బృందంలో ముప్పై మందికి మించకుండా. రెండు మూడు వందల మంది ఉన్న హాలులో ప్రశ్న అడిగేవారు ఉండరు, వెనక వరుసల్లో నవ్వులు మాత్రం ఉంటాయి.

దీనికి గంటలు ఎక్కడివి అంటారా? హైదరాబాద్ జేఎన్టీయూ ఈ దారి ఇంతకుముందే చూపింది. లింగ సమానత్వంపై ఇంగ్లిష్, తెలుగు రెండు భాషల్లో 2015లో తెలుగు అకాడమీ ప్రచురించిన పాఠ్యపుస్తకంతో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక కోర్సు ప్రవేశపెట్టింది. తరువాతి సిలబస్‌లో దాన్ని క్రెడిట్లు లేని తప్పనిసరి కోర్సుగా, ల్యాబ్ తరహాలో చర్చలతో నడిచేలా ఉంచింది. టైం టేబుల్‌లో చోటు దొరికిన విషయాన్ని విద్యార్థి కూడా విషయంగానే చూస్తాడు. అయితే ఏ అధ్యాపకుడికి పీరియడ్లు తక్కువైతే ఆయనకు ఈ తరగతి అంటగట్టే అలవాటు మానుకోవాలి. ఇష్టపడి ముందుకొచ్చిన నలుగురైదుగురిని ఎంచుకుని వారికి వేరుగా తర్ఫీదు ఇప్పించండి. వారిలో మగ అధ్యాపకులు తప్పక ఉండేలా చూడండి.

తరగతి తెలుగులోనే సాగాలి. ఇంగ్లిష్ మీడియం కళాశాల అయినా సరే, తనపై జరిగినదాన్ని మనిషి చెప్పుకునేది ఇంటి భాషలోనే. ఉర్దూ మాట్లాడేవారు, ఇతర రాష్ట్రాలవారు ఎక్కువగా ఉన్నచోట ఆ మేరకు ఏర్పాటు చేసుకోండి. ఉదాహరణలు ఆ క్యాంపస్‌వే కావాలి: క్లాస్ వాట్సాప్ గ్రూపులో తిరిగే మార్ఫింగ్ ఫొటో, వద్దన్నాక కూడా బస్టాప్ దాకా వెంటపడే సహాధ్యాయి, ‘ప్రేమించకపోతే చస్తాను’ అంటూ అర్ధరాత్రి వచ్చే సందేశాలు. వద్దని స్పష్టంగా చెప్పినా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని చెబితే ఆశ్చర్యపోయే మగపిల్లలు ఎందరో; సినిమాల్లో నాయకుడు చేసేది అదే కదా.

చూస్తున్నవారు ఏం చేయాలన్నదాన్ని అభినయంతో సాధన చేయించండి. ఎదురు తిరిగి కొట్లాడమని చెప్పనవసరం లేదు. ‘నిన్ను హెచ్‌ఓడీ గారు రమ్మంటున్నారు’ అని జూనియర్‌ను అక్కడి నుంచి తప్పించడం, వార్డెన్‌కు ఫోన్ చేయడం, తరువాత ఆ జూనియర్ పక్కన కూర్చుని కమిటీ దగ్గరకు తోడు వెళ్లడం ఎవరైనా చేయగలరు.

అమ్మాయిల దుస్తుల గురించి, హాస్టల్‌కు తిరిగివచ్చే వేళల గురించి హితబోధ చేసే వక్తలను పిలవకండి. అలాంటి ప్రసంగం విన్న బాధితురాలు తప్పు తనదేననుకుని మౌనంగా ఉండిపోతుంది. కరాటే ప్రదర్శనలకు అభ్యంతరం లేదు, కానీ తెలిసిన క్లాస్‌మేట్ చేసే వేధింపును అవి ఆపవు.

తప్పనిసరి చేయకూడనివి

హాజరు తప్పనిసరి కావచ్చు, మాట్లాడటం తప్పనిసరి కాకూడదు. అనుభవాలు చెప్పమని ఎవరినీ లేపి నిలబెట్టరాదు. ఇదివరకే హింసకు గురైనవారికి ఈ తరగతి దుర్భరంగా ఉండవచ్చు కనుక, కారణం అడగకుండా వేరే విధంగా పూర్తిచేసే వీలు కల్పించి, ఆ సంగతి మొదటి నిమిషంలోనే ప్రకటించండి. అభిప్రాయాలకు మార్కులు వేస్తే పరీక్ష పేపర్లో ఆదర్శాలు రాసి బయట ఎప్పటిలాగే ఉంటారు. ఫిర్యాదు విధానంపై చిన్న ప్రశ్నపత్రం ఇస్తే సరిపోతుంది. ప్రతి ఏటా విద్యార్థి, తల్లిదండ్రులు సమర్పించే ర్యాగింగ్ అఫిడవిట్‌ను శిక్షణగా లెక్కించకండి, చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ.

ఫలితం చూడటం

ఎంతమంది హాజరయ్యారన్నది ఫలితం కాదు. ర్యాగింగ్‌పై 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం మొదటి మూడు నెలలూ పక్షానికోసారి ఫ్రెషర్స్‌లో పేరు లేని సర్వే జరపాలి. చాలా కళాశాలల్లో కాగితానికే పరిమితమైన ఈ ఏర్పాటును నిజంగా నడపండి. ఆరుగురు ఫ్రెషర్స్‌కు ఒక మెంటర్ ఉండాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. సర్వేలో నాలుగు ప్రశ్నలు చాలు: మీకు గాని, మీ ఎదుట మరొకరికి గాని వేధింపు జరిగిందా, ఎక్కడ జరిగింది, ఎవరికైనా చెప్పారా, చెప్పకపోతే ఎందుకని? మూడవ ప్రశ్నకు ‘చెప్పాను’ అనేవారు ఏటేటా పెరుగుతున్నారంటే శిక్షణ సరైన దారిలో ఉన్నట్టు.

మొదటి ఏడాది ఫిర్యాదుల సంఖ్య పెరుగుతుందని యాజమాన్యానికి ముందుగానే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. సున్నా ఫిర్యాదులున్న కళాశాల సురక్షితమైనదని అనుకునే కరెస్పాండెంట్, సంఖ్య పెరగగానే కార్యక్రమాన్ని ఆపించే అవకాశం ఉంది. వార్షిక నివేదికలో ఆ సంఖ్య పక్కనే ఎన్నింటిపై 90 రోజుల్లో విచారణ ముగిసిందో కూడా చూపించండి. గంటలు గానీ మనుషులు గానీ చాలని చిన్న కళాశాల ఈ ఏడాదికి రెండు పనులే చేయగలిగితే, కమిటీ సభ్యులకు, వార్డెన్లకు పూర్తి శిక్షణ ఇప్పించి, హాస్టల్ విద్యార్థులకు ముప్పై మంది చొప్పున తరగతులు నడపాలి. డే స్కాలర్ల తరగతులను రెండవ సెమిస్టర్‌కు వాయిదా వేయవచ్చు.